మాస్టారి చెయ్యి

"అవునో కాదో ఒక్క ముక్క చెప్పండి మాస్టారండీ. అవతల వాడి చేతులు కట్టేసి ఉన్నాయి."

"ఎవరి చేతులమ్మా?"

"సత్యం చేతులు. అమలాపురం టీములో వికెట్ల వెనకాల నుంచుంటాడే, ఆ సత్యం. రేవులో పంటు దిగుతుంటే మావాళ్ళు పట్టుకున్నారు."

ప్రపంచ కప్పు మన దేశానికి వచ్చిన మరుసటి వేసవి. రాజోలుకి కాస్త ఎడంగా ఉన్న ఓ పల్లెటూరి హైస్కూల్లో, ఎండ ఇంకా దిగని వేళ, డ్రిల్లు మాస్టారు ఏసుదాసు ఆటసామాన్ల గదిలో బల్ల ముందు ఒంటరిగా కూచుని ఉండగా దానం అక్క సుందరి వచ్చి గుమ్మంలో నుంచుంది. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్దవాణ్ణి చేసింది ఆవిడే. ఆ చుట్టుపక్కల ఎక్కడా లేనంత వేగంగా బంతి వేసే దానం కుడి చెయ్యి ఇప్పుడు పిండికట్టులో ఉంది. దాన్ని విరిచిందెవరో మాస్టారికి తెలుసని ఆవిడ నమ్మకం.

"ఎక్కడున్నాడమ్మా సత్యం?"

"ఈ స్కూలు వెనకాల కొబ్బరితోటలోనేనండీ. చెట్టుకి కట్టేసేరు. మా దానంతో పాటు ఆడే ప్రకాశరావూ వాడి జట్టూ. అప్పుడే మూతి చితక్కొట్టేరు. నేను వెళ్ళి అడ్డం నుంచున్నాను. మాస్టార్నడిగొస్తాను, ఆయన అవునంటే మీ ఇష్టం, అందాకా వాడి మీద చెయ్యి వెయ్యొద్దు అన్నాను. 'వెళ్ళిరా అక్కా, మేం ఇక్కడే ఉంటాం' అన్నాడు ప్రకాశరావు. వాడి చేతిలో రోకలుంది మాస్టారండీ."

"రోకలా?"

"ఆయ్. మా ఇంట్లోదే. దానం చెయ్యి ఎక్కడ విరిగిందో సరిగ్గా అక్కడే విరుస్తాడట."

"పోలీసులకి చెప్పకపోయేవా?"

"నేనేం చెప్పనండీ? దానం చెప్పాలి, లేకపోతే మీరు చెప్పాలి. వాడేమో ఆస్పత్రిలో పోలీసాయన అడిగితే, కొబ్బరిచెట్టు మీంచి పడ్డానండీ అన్నాడు. మా దానం చెట్టెక్కడం ఎప్పుడైనా చూసేరా మీరు? చిన్నప్పట్నుంచీ కింద నుంచుని రాయుచ్చుకు కొట్టడమే గాని, చెట్టెక్కే ఓపిక వాడికెక్కడిది?"

"పడ్డాననే అన్నాడా?"

"ఆయ్."

"నన్ను... నా గురించేవైనా అన్నాడా?"

"మిమ్మల్నెందుకంటాడు? ఆవేళ మీరు లేకపోతే ప్రాణం మీదకే వచ్చేది కదండీ. సైకిలు మీద కూచోబెట్టుకుని ఆస్పత్రికి తొక్కుకెళ్ళేరు. దారి పొడుగునా మీ వీపు మీద వాంతులు చేసుకున్నాడట."

"చేసుకున్నాడు."

"వాడి చెయ్యి విరిచినవాళ్ళలో సత్యం ఉన్నాడా, లేడా?"

"మసక మసగ్గా ఉందమ్మా."

"ఎంతమందొచ్చేరు?"

"నలుగురో, అయిదుగురో."

"నిన్న ప్రకాశరావుతో ముగ్గురన్నారు."

"ముగ్గురేనేమో మరి."

"మొహాలకి గుడ్డలు కట్టుకున్నారా?"

"కట్టుకున్నారు."

"ఆస్పత్రిలో నాతో కట్టుకోలేదన్నారు."

"కూచోమ్మా. నుంచునే ఉన్నావు."

"కూచోడానికి రాలేదండీ. వాడు అరుస్తున్నాడు, వినబడ్డం లేదూ మీకు?"

"వినబడుతోంది."

"నేనూ ఈ స్కూల్లో చదువుకున్నదాన్నే. మీ ఈల వింటే పరిగెత్తినదాన్నే. ఎన్నడూ మీరిలా నసగడం చూళ్ళేదు. మీకేం భయవండీ? వాళ్ళేవైనా బెదిరించేరా?"

"ఎవరూ బెదిరించలేదు."

"అమలాపురం వాళ్ళ కుర్రాడు పోయేడు. కాదన్లేదు నేను. బాలగంగాధరం తల మా వాడి బంతికి పగిలింది, కాకినాడ ఆస్పత్రిలో కన్ను తెరవకుండా పోయేడు. నేను వాళ్ళ నాన్న శరభయ్యగారి ఇంటికి వెళ్ళేను. మీరు వెళ్ళేరా?"

"నేను వెళ్ళలేదు."

"నేను వెళ్ళేను. రాళ్ళుచ్చుకు కొడతారేమో అనుకుంటూనే వెళ్ళేను. కామాక్షమ్మగారు నన్ను చూసి వీధరుగు మీద చాప వేసేరు. ఏడవలేదావిడ. కొడుకు పోయిన తల్లి, నా గ్లాసులో మంచినీళ్ళు ఒలక్కుండా పోసేరు. 'మీ వాడికి అలా వెయ్యడం ఎవరు నేర్పేరమ్మా?' అని మాత్రం అడిగేరు."

"నువ్వేం చెప్పేవు?"

"మీ పేరే చెప్పేను. ఊళ్ళో అందరూ చెప్పేదదే కదా."

"అందుకా శరభయ్యగారు వచ్చేరు!"

"వచ్చేరని విన్నాను. ఏవడిగేరు?"

"పెద్దాయన. వేదం చెప్పుకునే మనిషి. పంటు మీద ఒక్కరూ వచ్చేరు. స్కూలు గేటు దగ్గరే నుంచున్నారు, లోపలికి రాలేదు. 'మా వాడి చేత నేను వేదంలో పనసలు వల్లె వేయించేవాణ్ణండీ. ఎక్కడ స్వరం తప్పినా అది నా తప్పే అనుకునేవాణ్ణి. మీరు కూడా నేర్పేవారే కనక అడుగుతున్నాను. ఆ బంతి వెయ్యడం నేర్పింది మీరేనా?' అన్నారు."

"మీరేవన్నారు?"

"ఏవంటాను..."

"ఏవన్నారండీ?"

"నేను కాదన్నాను."

"కాదన్నారా?"

"వాడికి పుట్టుకతో వచ్చిందండీ, నేను పక్కన నుంచున్నానంతే అన్నాను. ఆయన 'అయితే నేను కోప్పడ్డానికి ఎవరూ లేరన్నమాట' అని వెళ్ళిపోయేరు."

"సిగ్గుగా లేదండీ మీకు? రామచంద్రపురం వాళ్ళని యాభై దాటకుండా చుట్టబెట్టేసినప్పుడు పేపర్లో ఎవరి ఫొటో పడింది? మీది. దానం మొహం పడలేదు. మీరు వాడి మణికట్టు పట్టుకుని పైకెత్తేరు, వాడిది చెయ్యొక్కటే పడింది. ఆవేళ సభలో ఏవన్నారు? 'ఈ చెయ్యి నాదండీ, దానానికి అద్దెకిచ్చేను' అన్నారు. జనం చప్పట్లు కొట్టేరు. నేనూ కొట్టేను, బుద్ధి లేక! అప్పట్నుంచీ ఊరంతా వాణ్ణి పేరెట్టి కూడా పిలవడం మానేసింది. మాస్టారి చెయ్యొస్తోంది, మాస్టారి చెయ్యి దిగింది! మరి వికెట్లు పడితే మీ చెయ్యీ, తల పగిలితే వాడి చెయ్యీనా?"

"నేను నేర్పింది పరుగమ్మా. భుజం తిప్పడం. కుట్టు మీద వేళ్ళెలా ఆన్చాలో, మణికట్టు ఎప్పుడు వదలాలో. అదే అందరికీ నేర్పేను. అంజిబాబుకీ అదే నేర్పేను. అంజిబాబు బంతి ఎవడి తలకైనా తగిలిందా?"

"అంజిబాబు బంతి వికెట్లకే తగల్లేదండీ!"

"అదే నే చెప్పేది. ఒకే మాట ఇద్దరికి చెప్తే ఒకడిలా, ఒకడలా అయితే అది నా మాట బలవా, వాళ్ళ ఒంటి బలవా? ఆ పిచ్ మీద పరిచేది కొబ్బరిపీచు మ్యాటింగు. దాని మీద బంతి పడితే ఎటు లేస్తుందో..."

"అయితే మ్యాటింగుదా తప్పు?"

"మ్యాటింగుదని కాదు..."

"తలకి వెయ్యమని మీరు చెప్పేరా, లేదా?"

"తలకని ఎన్నడూ చెప్పలేదు. గుండెకెత్తు లేపమన్నాను. భయపెట్టమన్నాను. భయపడ్డవాడి కాలు దానంతటదే వెనక్కి పోతుంది, వికెట్లు కనబడతాయి, అప్పుడు వికెట్లకి వెయ్యమన్నాను. ఆటలో అది మామూలే."

"భయపెట్టమన్నారు."

"అన్నాను."

"మరి శరభయ్యగారితో కాదన్నారు."

"అన్నాను! అన్నానమ్మా, ఏం చెయ్యమంటావు! కొడుకు పోయినాయన ఎదురుగా నుంచుంటే ఎవడికి నోరొస్తుంది?"

"అక్కా! ఎంతసేపు?"

"ఎవరది? కిటికీ దగ్గర?"

"నేనండీ మాస్టారండీ, ప్రకాశరావుని. నమస్కారవండీ. వాడు ఒప్పేసుకున్నాడండీ."

"ఒప్పుకున్నాడా? సత్యవా?"

"ఆయ్. ముందు ఏసుప్రభువు తోడు నాకు తెలీదు, సత్తెమ్మ తల్లి తోడు నాకు తెలీదు అని అందరు దేవుళ్ళ మీదా ఒట్లేసేడండీ. రోకలెత్తి మోచేతి మీద ఆన్చేసరికి, అవునండీ నేనే, నేనే విరిచేను, కొట్టకండి అన్నాడండీ."

"ప్రకాశం! నేనొచ్చేదాకా ముట్టుకోవద్దన్నానా!"

"ఆన్చేనంతే అక్కా, కొట్టలేదు. మాస్టారండీ, మీరొకసారి తోటలోకొచ్చి వాడి మొహం చూసి ఊఁ అంటే చాలండీ. మీ ఎదురుగానే కానిచ్చేస్తాం. అసలు మీరే కొడతానన్నా సరేనండీ. మా దానం చెయ్యంటే మీ చెయ్యే కదా, మీకే కదండీ అన్యాయం జరిగింది. రోకలి మీ చేతికిచ్చేస్తాం."

"వాణ్ణి వదిలెయ్ ప్రకాశరావ్."

"ఆయ్?"

"వదిలెయ్. వాడు కాదు."

"ఒప్పుకున్నాడండీ!"

"రోకలి ఆన్చితే నువ్వూ ఒప్పుకుంటావు, నేనూ ఒప్పుకుంటాను. వాడు కాదని చెప్తున్నాను."

"మరెవరండీ?"

"ప్రకాశం, నువ్వెళ్ళు. వాడి పక్కన కూచో. ఆ రోకలి కింద పెట్టి కూచో. నేనొస్తున్నాను."

"పంటు మళ్ళీ వచ్చే వేళవుతోందక్కా. వాళ్ళవాళ్ళు వెతుక్కుంటూ వస్తే ఇక్కడ శవాలు లేస్తాయి. తొందరగా తేల్చు."

"వెళ్ళమన్నానా!"

"ఆయ్, ఆయ్."

"తలుపూ కిటికీ ఎందుకు వేస్తున్నావు సుందరీ?"

"వాడి చెవిలో పడకూడదు కనక. ఇప్పుడు చెప్పండి. మసగ్గా ఉందన్నారు. మొహాలకి గుడ్డలన్నారు. ముగ్గురో అయిదుగురో తెలీదన్నారు. మరి సత్యం కాదని అంత గట్టిగా ఎలా తెలిసింది?"

"తెలుసు."

"ఎవర్ని దాస్తున్నారు?"

"ఎవర్నీ దాయట్లేదు."

"మన ఊరివాడా? అంజిబాబా? దానం పక్కకి తప్పుకుంటే తనకి బంతిస్తారని..."

"ఛ, ఛ. వాడు పిరికిగొడ్డు."

"శరభయ్యగారు ఎవరికైనా పురమాయించేరా?"

"ఆయన్ననకు. ఆయన చీమకి కూడా అపకారం చెయ్యరు."

"మరి ఎవరండీ? దానాన్ని ఈ గదిలోనే కదా దాచేరు?"

"ఈ గదిలోనే. అమలాపురం వాళ్ళు కర్రలుచ్చుకుని వీధులన్నీ గాలిస్తుంటే, ఇక్కడ గోనెల మీద పడుకోబెట్టేను."

"తలుపు పగలగొట్టుకొచ్చేరా? ఈ తలుపు చెక్కుచెదరలేదే!"

"పగలగొట్టలేదు."

"గడియ లేదా?"

"ఉంది. పెట్టే ఉంది."

"బయట్నించా, లోపల్నించా?"

"లోపల్నించి."

"లోపల ఎవరున్నారు?"

"దానం ఉన్నాడు."

"ఇంకా?"

"నేనున్నాను."

"ఇంకా?"

"ఇంకెవరూ లేరమ్మా."

"ఇంకా ఎవరో ఉండాలి. సరిగ్గా గుర్తు తెచ్చుకోండి మాస్టారండీ. ఇంకా ఎవరో..."

"ఎవరూ లేరు. వాడూ, నేనూ. ఇదే బల్ల."

"మీరు..."

"నేనే."

"మీరు వాణ్ణి ఆస్పత్రికి మోసుకెళ్ళేరు. ఏడ్చేరు. నా ఎదురుగా గోడకి తలానించి ఏడ్చేరు."

"ఏడ్చేను."

"ఎందుకు? ఎందుకండీ? ఏం చేసేడు వాడు మిమ్మల్ని?"

"చెప్తాను. మొదట్నించీ చెప్తాను, మధ్యలో ఆపకు. మొదటి బంతి బాలగంగాధరం భుజం మీంచి పోయింది. ఆ కుర్రాడు నవ్వేడు. మంచి కుర్రాడమ్మా, ఎదటివాణ్ణి వెక్కిరించే నవ్వు కాదు, బాగా వేసేవోయ్ అన్నట్టు నవ్వేడు. నేను గీత దగ్గరికెళ్ళి, చాలురా, కాలు వెనక్కి పోయింది, ఇంక వికెట్లకి వెయ్యి అన్నాను. 'ఆయ్' అన్నాడు దానం. ఆయ్ అని వెనక్కెళ్ళి, రోజూ ఎక్కణ్ణించి పరిగెడతాడో అక్కణ్ణించి కాక ఇంకా వెనక్కెళ్ళేడు. అప్పుడే నాకేదో తోచింది. అరుద్దామనుకున్నాను. అరవలేదు."

"ఎందుకరవలేదు?"

"ఎంత వేగంగా వేస్తాడో చూద్దామని. అబద్ధం చెప్పను. చూడాలనిపించింది."

"దేవుడా."

"చెవి పైన తగిలింది. గునపానికేసి కొబ్బరికాయ దింపితే వచ్చే చప్పుడు. బ్యాటు వదిలేసి రెండడుగులు మామూలుగానే నడిచేడు. నడిచి పడ్డాడు. పడ్డాక కాళ్ళు కొట్టుకున్నాడు. చెవిలోంచి నెత్తురొచ్చి మ్యాటింగు పీచులోకి ఇంకిపోతోంది. ఇటువాళ్ళూ అటువాళ్ళూ అందరూ పరిగెట్టేరు. దానం కదల్లేదు. నేనెళ్ళి భుజాలు పట్టుకు ఊపేను. 'చూసేరా మాస్టారండీ, నేననుకున్న చోటే' అన్నాడు."

"బెదిరిపోయి అనుంటాడు. బెదిరినవాడు ఏదో ఒకటి అంటాడు."

"నేనూ అలాగే సరిపెట్టుకున్నాను. మర్నాడే కబురొచ్చింది, పోయేడని. నాలుగు రోజులు వాడికి తెలీకుండా ఉంచేను. అయిదో రోజు సాయంత్రం వచ్చి వాడికి చెప్పేను. నువ్వు నుంచున్నావే, అక్కడే నుంచుని చెప్పేను. బంతికి నూనె రాసి గుడ్డతో రుద్దుకుంటున్నాడు. తలెత్తలేదు. 'పోయేడాండీ' అన్నాడు. కాసేపు రుద్దుకుని, 'అయితే ఇంక నా ఎదురుగా ఎవడూ నిలబడడండీ' అన్నాడు."

"అనలేదు."

"అన్నాడు."

"మా దానం అలా అనడు!"

"నేను చెంప మీద కొట్టేను. మనిషి చచ్చిపోయేడురా అన్నాను. 'భయపెట్టమన్నది మీరే కదండీ' అన్నాడు. కోపంతో అనలేదమ్మా. క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. 'వచ్చే ఆదివారం మ్యాచి ఎవరితోటండీ?' అన్నాడు. అప్పుడు నాకు శరభయ్యగారు గుర్తొచ్చేరు. ఆ మధ్యాహ్నమే ఇక్కడికొచ్చి నన్నడిగెళ్ళేరు. ఆయనతో నేను కాదన్నాను. వీడేమో మీరే అంటున్నాడు. ఇద్దర్లో నిజం చెప్పింది వీడే. నేను చేసిన చెయ్యి, నేనే తీసెయ్యాలనిపించింది."

"తీసెయ్యడానికి నువ్వెవడివి?"

"ఎవణ్ణీ కాను."

"నువ్వు కన్నావా వాణ్ణి? నువ్వు గంజి పోసేవా? వాడికి మశూచి పోస్తే వేపమండలు పరిచి పక్కన పడుక్కుంది నువ్వా నేనా? నీ చెయ్యట, నీ చెయ్యి! దేంతో కొట్టేవు?"

"పిల్లలు విసిరే ఇనపగుండుతో."

"పడుకుని ఉన్నాడా?"

"మెలకువగానే ఉన్నాడు. 'చెయ్యి బల్ల మీద పెట్టరా, వాపేవైనా ఉందేమో చూస్తాను' అన్నాను. రోజూ చూసేవాణ్ణి కదా. ఆముదం రాసి నరాలు సాగదీసేవాణ్ణి. పెట్టేడు."

"పెట్టేడా!"

"చొక్కా చెయ్యి పైకి మడిచి మరీ పెట్టేడు. మొదటి దెబ్బకి అరవలేదు. నా మొహంకేసి చూసేడు. తప్పు చేస్తే ఎలా చూసేవాడో అలా. రెండో దెబ్బకి అరిచేడు."

"ఏ చేత్తో ఎత్తేవు ఆ గుండు?"

"ఆ స్టంపు ఎందుకు తీసేవమ్మా?"

"ఏ చేత్తో?"

"కుడిచేత్తో."

"పెట్టు బల్ల మీద."

"సుందరీ..."

"వాపుందేమో చూస్తాను, పెట్టు!"

"ఇదిగో. పెట్టేను. నువ్వు కొడితే నాకు... అమ్మా!"

"అరవకు! మొదటి దెబ్బకి వాడు అరవలేదన్నావు. అరవకు!"

"వేళ్ళు... వేళ్ళమ్మా..."

"వేళ్ళే. ఈ వేళ్ళతోనే కదూ వాడి వేళ్ళు కుట్టు మీద పెట్టేవు. చెయ్యి తియ్యకు. ఇది నా తమ్ముడికి. ఇది కామాక్షమ్మగారికి."

"చాలు! చాలు తల్లీ! దేవుడా, దేవుడా..."

"అక్కా! తలుపు తియ్యి! ఏవిటా కేకలు? మాస్టారికేవయ్యింది?"

"ఏం కాలేదు ప్రకాశం. బల్ల మీద గుండు దొర్లి ఆయన చేతి మీద పడింది."

"తలుపు తియ్యక్కా!"

"తియ్యను. నువ్వెళ్ళి సత్యాన్ని వదిలెయ్యి."

"ఏవిటీ?"

"కట్లు విప్పి, మొహం కడుగు. ఓ బొండాం కొట్టివ్వు. నువ్వే కూడా వెళ్ళి పంటు ఎక్కించి రా. వాడి మీద ఇంకో దెబ్బ పడితే నా ఇంటి గడప తొక్కొద్దు నువ్వు."

"మరి మన దానం చెయ్యి?"

"దానం చెట్టు మీంచి పడ్డాడు."

"పడ్డం ఏవిటి! అందరికీ తెలుసు..."

"పడ్డాడు. మాస్టారు కళ్ళారా చూసేరట. చెప్పండి మాస్టారండీ, వాడికి వినబడేలా చెప్పండి."

"చూసేను ప్రకాశరావ్. పడ్డాడు."

"మరి ఇన్నాళ్ళూ కొట్టేరని ఎందుకన్నారండీ?"

"సిగ్గేసి అన్నాను. నేను కాపలా ఉండగా పడ్డాడని."

"వాణ్ణి అంత కొట్టేసేమండీ! ఉత్తినే కొట్టేసేమన్నమాట!"

"అందుకే వెళ్ళి మొహం కడగమంటున్నాను. వెళ్ళు నాన్నా. వెళ్ళు."

"వెళ్ళేడా?"

"వెళ్ళేడు. కదలకండి. ఆ గుడ్డ ఇటివ్వండి. నెత్తురు కారుతోంది."

"ఎందుకలా చెప్పేవమ్మా వాడితో? నిజం చెప్పేస్తే పోయేది."

"చెప్తే రోకలి ఇటు తిరుగుతుంది. మీరు చస్తారు, వాడు జైలుకి పోతాడు. ఇప్పటికే ఒకడు కాట్లో, ఒకడు కట్టులో ఉన్నారు. మీ మీద జాలితో చెప్పలేదు. వేలు చాపండి."

"చాపలేనమ్మా. చిటికినవేలు లోపల్నుంచి విరిగింది."

"విరగనివ్వండి."

"నువ్వు కొట్టింది న్యాయవే. రేపు పంటెక్కి శరభయ్యగారి దగ్గరకెళ్తాను. నేర్పింది నేనేనండీ, ఎవరి మీద కోప్పడాలో మీరు అడిగేరు, నా మీద కోప్పడండి అని చెప్తాను. పోలీసులకి కూడా చెప్తాను. దాని సంగతి ఎలా అయినా కానీ, ఒకటి మాత్రం తృప్తమ్మా. చేసిందీ నేనే, చెరిపిందీ నేనే. ఇంకో తల్లి కడుపు మండదు. డాక్టరేవన్నారు?"

"మోచెయ్యి ఇంక వంగదన్నారు. ఈ జన్మకి బంతి ఊసెత్తొద్దన్నారు."

"ఏడుస్తున్నాడా?"

"లేదండీ."

"అన్నం తింటున్నాడా?"

"తింటున్నాడు. తినేసి పెరట్లోకి పోతాడు. నాతో ఎక్కువ మాట్లాడ్డు. బంతితో ఆడుకుంటూంటాడు."

"బంతితోనా? కట్టుందిగా?"

"కట్టు కుడిచేతికండీ."

"ఎడంచేత్తో ఆడుతున్నాడా?"

"గోడకేసి విసురుతూంటాడు. మొదట్లో గోడ మీంచి పోయి పక్కింటి వీరలక్ష్మిగారి గిన్నెల్లో పడేది. ఆవిడ తిట్టేది, నేనెళ్ళి తెచ్చేదాన్ని. ఇప్పుడు పడట్లేదు."

"ఎవరు చెప్తున్నారు వాడికి? అంజిబాబొచ్చి చెప్తున్నాడా?"

"ఎవరూ రావట్లేదండీ. ఎవరూ చెప్పట్లేదు. వాడొక్కడే."

"ఊసుపోక విసురుతున్నాడేమో."

"నేనూ అదే అనుకున్నాను. గోడ మీద బొగ్గుతో గుండ్రంగా గీసుకున్నాడు. దిగులు పడకుండా ఏదో ఒకటి ఆడుకుంటున్నాడు, పోన్లే అనుకున్నాను."

"ఎంతెత్తున గీసేడు?"

"మనిషెత్తునండీ."

"సుందరీ..."

"ఇవాళ పొద్దున్న బట్టలారేస్తూ చూసేను మాస్టారండీ. ఆ గుండ్రానికి కళ్ళు పెట్టేడు."